ప్రశ్న – జవాబు: చౌక కోయాక్సియల్ మానిటర్లు, బ్రోచర్‌లోని అంకెలు

ఈ నెల వచ్చిన ఉత్తరాలలో ఎక్కువ భాగం ఒకే విషయాన్ని గురించి ఉన్నాయి. జత యాభై, అరవై వేల రూపాయల లోపు దొరుకుతున్న కోయాక్సియల్ స్టూడియో మానిటర్లను (హెచ్చు ఫ్రీక్వెన్సీలు పలికే ట్వీటరును, బాస్ పలికే వూఫర్ మధ్యలోనే అమర్చిన, రికార్డింగు పనికి వాడే స్పీకర్లను) నమ్మవచ్చా, వాటి డబ్బా మీద అచ్చు వేసిన అంకెలను ఎలా చదవాలి అన్నదే పాఠకుల సందేహం. ఒకే రకం ప్రశ్నలను కలిపి జవాబులు ఇస్తున్నాం. ఏ దుకాణంలో ఎంత తగ్గిస్తారన్న ప్రశ్నలను మాత్రం పక్కన పెట్టాం.

ప్రశ్న: పది అడుగుల వెడల్పు, పదకొండు అడుగుల పొడవు ఉన్న గదిలో డబ్బింగ్ రికార్డింగు, అప్పుడప్పుడు పాటల మిక్సింగు చేస్తుంటాను. కోఠి గుజరాతీ గల్లీలో రెండు రకాల అయిదంగుళాల కోయాక్సియల్ మానిటర్లు చూశాను. మొదటిదాని బ్రోచర్‌లో 42 హెర్ట్జ్ నుంచి 22 కిలోహెర్ట్జ్ వరకు, గరిష్ఠ ధ్వని 110 డెసిబెళ్లు, 160 వాట్లు అని ఉంది. రెండోదానిలో 54 హెర్ట్జ్ నుంచి 20 కిలోహెర్ట్జ్ వరకు ±3 డెసిబెళ్లు, గరిష్ఠ ధ్వని 102 డెసిబెళ్లు, 80 వాట్లు అని ఉంది. ధర దాదాపు సమానమే. అన్ని అంకెలలోనూ మొదటిదే మెరుగని దుకాణదారు గట్టిగా చెబుతున్నారు. నిజమేనా?
— ఒక డబ్బింగ్ ఇంజనీరు, యూసుఫ్‌గూడ

జవాబు: మీరు రాసినంతవరకు చూస్తే ఆ రెండు బ్రోచర్లకు అసలు పోలికే కుదరదు. రెండో కంపెనీ తన అంకెకు షరతు కూడా చెప్పింది, మొదటి కంపెనీ చెప్పలేదు. ±3 డెసిబెళ్లు అనడంలో, 54 హెర్ట్జ్ మొదలుకొని 20 కిలోహెర్ట్జ్ వరకు ధ్వని మట్టం మూడు డెసిబెళ్లకు మించి పైకి లేవదు, కిందికి పడదు అన్న హామీ ఉంది. మొదటిదానిలో 42 హెర్ట్జ్ దగ్గరికి వచ్చేసరికి ధ్వని ఎంత పడిపోయిందో తెలియదు. ఇటువంటి చోట చాలా కంపెనీలు −10 డెసిబెళ్ల బిందువును వాడుకుంటాయి. పది డెసిబెళ్లు తగ్గిన ధ్వని చెవికి సుమారు సగమైనట్లు వినిపిస్తుంది. పైగా గాలి రంధ్రం ఉన్న పెట్టెలలో, ట్యూనింగ్ స్థానానికి, అంటే ఆ రంధ్రాన్ని శ్రుతి చేసిన ఫ్రీక్వెన్సీకి, కింద ధ్వని ఆక్టేవుకు (ఫ్రీక్వెన్సీ సగమైన ప్రతిసారీ) 24 డెసిబెళ్ల చొప్పున పడిపోతుంది. ఆ లెక్కన 54 దగ్గర మూడు డెసిబెళ్లు తగ్గిన స్పీకరు 42 దగ్గరికి వచ్చేసరికి పది డెసిబెళ్లకు పైగానే తగ్గుతుంది. అంటే ఒకే స్పీకరును ఒక కంపెనీ 54 అనీ, మరొక కంపెనీ 42 అనీ అచ్చు వేసుకోవచ్చు, ఇద్దరిలో ఎవరూ అబద్ధం చెప్పినట్లు కాదు. మీరు చూసిన రెండు పెట్టెలూ బాస్ విషయంలో అన్నదమ్ములే అయి ఉండే అవకాశం బాగా ఉంది.

గరిష్ఠ ధ్వని సంగతి ఇంకా చిత్రమైనది. 110 అన్న అంకె ఒక స్పీకరుదా, జతదా? క్షణకాలపు శిఖరమా, నిలకడగా ఇవ్వగలిగిన మట్టమా? ఒక మీటరు దూరంలోనా, ఇంకా దగ్గరగానా? రెండు స్పీకర్లు ఒకే సంకేతాన్ని కలిసి వినిపిస్తే గరిష్ఠంగా 6 డెసిబెళ్లు కలుస్తాయి. సైను తరంగంలో శిఖరానికీ సగటుకూ మధ్య 3 డెసిబెళ్ల తేడా ఉంటుంది. ఈ రెండూ తీసివేస్తే 110 కాస్తా 101 అవుతుంది. రెండో కంపెనీ 102 అన్నది ఒక్క స్పీకరు నిలకడగా ఇచ్చే మట్టమే అయితే, చిన్న అంకె వేసుకున్న కంపెనీదే గట్టిగా పలికే స్పీకరు. ఆ దూరం, వ్యవధి, పరీక్షకు వాడిన సంకేతం ఏమిటో రాయని గరిష్ఠ ధ్వని అంకెను మేము లెక్కలోకి తీసుకోము, మీరూ తీసుకోనక్కరలేదు. ఈ గందరగోళాన్ని తగ్గించడానికే ఆడియో ఇంజనీరింగ్ సొసైటీ ఏఈఎస్75 అనే ప్రమాణాన్ని తెచ్చింది. అందులో ఎమ్-నాయిస్ అనే నిర్దిష్ట పరీక్షా సంకేతాన్ని పెంచుకుంటూ పోయి, స్పీకరు పలుకు ఏ మట్టం దగ్గర చెదరడం మొదలైందో కొలుస్తారు. చౌక మానిటర్ల బ్రోచర్లలో ఆ పేరు కనబడడం ఇప్పటికైతే అరుదు.

అసలు మీకు ఎంత ధ్వని కావాలి? మీ పైకప్పు తొమ్మిదిన్నర అడుగులు అనుకుంటే గది ఘనపరిమాణం వెయ్యిన్నర ఘనపుటడుగుల లోపే ఉంటుంది. అంత చిన్న గదికి అమెరికా టెలివిజన్ ప్రసారాల సిఫారసు పత్రం ఏటీఎస్‌సీ ఏ/85 సూచించే రిఫరెన్సు మట్టం (మిక్సింగుకు ప్రమాణంగా పెట్టుకునే ధ్వని) ఒక్కొక్క స్పీకరుకు 74 డెసిబెళ్లు. దాని మీద శిఖరాలకు మరో 20 డెసిబెళ్లు వదిలినా 94 దగ్గర ఆగుతాం. మీరు మీటరు దూరంలో కూర్చుంటారు కనుక నిజాయితీగా 100 డెసిబెళ్లు ఇచ్చే ఏ స్పీకరైనా మీకు చాలినంత. 110 కోసం డబ్బు పోయనవసరం లేదు.

వాట్ల గురించి దుకాణదారు చెప్పినదాన్ని వదిలేయండి. వాట్లు రెట్టింపైతే పెరిగేది 3 డెసిబెళ్లే, అదీ స్పీకర్ల సామర్థ్యం సమానమైనప్పుడే. యాంప్లిఫయరు లోపలే బిగించి వచ్చే మానిటరులో వాట్ల సంఖ్య కొనేవాడికి దాదాపు ఏమీ చెప్పదు.

నిజంగా చూడవలసిన అంకె వక్రీకరణ, అంటే డిస్టార్షన్. ఒక శాతం అంటే మూల ధ్వనికి 40 డెసిబెళ్ల కింద ఉన్నట్లు, మూడు శాతం అంటే 30 డెసిబెళ్ల కింద మాత్రమే ఉన్నట్లు. అయితే ఇక్కడా షరతే ముఖ్యం. ఒక కిలోహెర్ట్జ్ దగ్గర నెమ్మదిగా వినిపించి కొలిస్తే ప్రతి స్పీకరూ సాధువే. 90 డెసిబెళ్ల దగ్గర, 100 హెర్ట్జ్ కింద ఎంత ఉందో రాసిన కంపెనీని గౌరవించండి.

కాబట్టి ఆ రెండింటిలో మా మొగ్గు రెండో కంపెనీ వైపే, అది మంచి స్పీకరని తేలినందువల్ల కాదు, తన మాటకు హద్దు చెప్పినందువల్ల. కొనే ముందు మొదటి కంపెనీ ప్రతినిధికి ఒక ఉత్తరం రాసి 42 హెర్ట్జ్ ఎన్ని డెసిబెళ్ల దగ్గర కొలిచారో, 110 ఒక స్పీకరుదో జతదో అడగండి. జవాబుగా అదే బ్రోచర్‌ను మళ్ళీ పంపితే అదీ ఒక జవాబే.

ప్రశ్న: మామూలు టూ-వే మానిటరు కంటే కోయాక్సియల్ మెరుగని అందరూ అంటున్నారు. ఎందుకు మెరుగు? ఇది కొత్తగా వచ్చిన పద్ధతా? మా బల్ల మీద చోటు తక్కువ, దాన్ని అడ్డంగా పడుకోబెట్టి వాడవచ్చా?
— ఒక సంగీతోపాధ్యాయిని, దిల్‌సుఖ్‌నగర్

జవాబు: కొత్త పద్ధతి కాదు. అమెరికాలో ఆల్టెక్ లాన్సింగ్ 604 స్పీకరు 1940ల నుంచి ఉంది, అక్కడి పెద్ద స్టూడియోలలో దశాబ్దాలపాటు గోడలలో పాతుకుపోయింది. బ్రిటన్‌లో టానాయ్ కంపెనీ డ్యూయల్ కాన్సెంట్రిక్ 1947 నాటిది. కెఫ్ కంపెనీ 1988లో యూని-క్యూను తీసుకువచ్చింది. చిన్న పరిమాణంలోనే బలమైన నియోడిమియం అయస్కాంతాలు అప్పటికి అందుబాటులోకి రావడంతో ట్వీటరును వూఫర్ వాయిస్ కాయిల్ (శంకువును కదిలించే తీగ చుట్ట) మధ్యలోనే ఇమడ్చగలిగారు. జెనెలెక్ కంపెనీ కోయాక్సియల్ స్టూడియో మానిటరు 8351 వచ్చింది 2014లో. మన చేతికి అందే ధరలలోకి ఈ నిర్మాణం దిగిరావడం మాత్రమే ఇటీవలి మాట. ఫ్లూయిడ్ ఆడియో ఎఫ్ఎక్స్8, టానాయ్ గోల్డ్ వరుస, 2019లో వచ్చిన కాలీ ఆడియో ఐఎన్-8 అటువంటివి.

ఇక ఎందుకు మెరుగు అన్నది. ట్వీటరు, వూఫర్ ఒకదాని కింద ఒకటి విడివిడిగా ఉండే మామూలు టూ-వే పెట్టెలో ట్వీటరు కేంద్రానికీ వూఫర్ కేంద్రానికీ మధ్య సుమారు 16 సెంటీమీటర్ల దూరం ఉంటుందనుకోండి. క్రాసోవర్, అంటే వూఫర్ నుంచి ట్వీటరుకు పని మారే చోటు, 2 కిలోహెర్ట్జ్ దగ్గర ఉంటే అక్కడి తరంగదైర్ఘ్యం 17 సెంటీమీటర్లు. ఆ ప్రాంతంలో రెండు యూనిట్లూ ఒకేసారి పలుకుతాయి. మీ చెవి వాటికి ఎదురుగా ఉన్నంతసేపు రెండు ధ్వనులూ కలిసి వస్తాయి. చెవి పైకో కిందికో జరిగితే ఒకటి ముందు, ఒకటి వెనుక అవుతుంది. 30 డిగ్రీలు దాటేసరికి ఆ తేడా సగం తరంగదైర్ఘ్యానికి చేరుకుని, రెండూ ఒకదాన్నొకటి చెరిపేసుకుంటాయి. మనిషి గొంతుకు స్పష్టతనిచ్చే చోటే అక్కడ గొయ్యి పడుతుంది.

కుర్చీలో కూర్చున్నవారు 30 డిగ్రీలు పైకి లేస్తారా అని మీరు అడగవచ్చు. లేవరు. కానీ ధ్వని ఆ కోణంలో బల్ల మీదికి దిగుతుంది. స్పీకరు కేంద్రం బల్లకు 30 సెంటీమీటర్ల ఎత్తున, మీ చెవి 40 సెంటీమీటర్ల ఎత్తున, మధ్య దూరం ఒక మీటరు అనుకుంటే, బల్ల మీద పడి మీ చెవికి చేరే ధ్వని బయలుదేరేది సుమారు 35 డిగ్రీల కిందికి. టూ-వే పెట్టెలో ఆ దిశలోనే గొయ్యి ఉంది. అంటే నేరుగా వచ్చిన ధ్వనికి ఒక రంగు, గ్రానైటు బల్ల నుంచి తిరిగి వచ్చిన ధ్వనికి మరొక రంగు. కోయాక్సియల్‌లో రెండు యూనిట్లకూ కేంద్రం ఒకటే కాబట్టి ఏ దిశలో వెళ్ళినా క్రాసోవర్ దగ్గర ఈ చెరుపుడు ఉండదు. పైకీ కిందికీ, కుడికీ ఎడమకూ వెళ్ళే ధ్వని దాదాపు ఒకే తీరుగా ఉంటుంది. దీనికి మించి కోయాక్సియల్‌కు మహిమలేవీ అంటగట్టనవసరం లేదు. బల్ల నుంచి వచ్చే ప్రతిధ్వనిని అది తగ్గించదు, దాని రంగును మాత్రం సరిచేస్తుంది. ఇందాకటి కొలతల ప్రకారం బల్ల దారి నేరు దారి కంటే 22 సెంటీమీటర్లు పొడవు, అందువల్ల 800 హెర్ట్జ్ ప్రాంతంలో పడే నొక్కు ఏ స్పీకరు పెట్టినా పడుతుంది. బల్ల మీద కాకుండా వెనుక స్టాండు మీద పెట్టుకోవడమే దానికి మందు.

ఈ నిర్మాణానికి జబ్బులూ ఉన్నాయి, బ్రోచర్లు వాటిని రాయవు. మొదటిది, ట్వీటరు చుట్టూ ఉన్న వూఫర్ శంకువే దానికి బాకా. ఆ బాకా కదులుతూ ఉంటుంది. ఒకే మట్టం ధ్వనికి ఫ్రీక్వెన్సీ సగమైతే శంకువు కదలిక నాలుగింతలవుతుంది. అయిదంగుళాల యూనిట్‌తో 50 హెర్ట్జ్ గట్టిగా పలికిస్తే ట్వీటరు ధ్వని కదిలే బాకాలోంచి వచ్చినట్లు వణుకుతుంది. రెండోది, వూఫర్ అంచున ఉన్న రబ్బరు మడత, మధ్యలో ట్వీటరు చుట్టూ ఉన్న సందు, ఈ రెండింటికీ తగిలి హెచ్చు ఫ్రీక్వెన్సీలు చెదురుతాయి. అందువల్లనే సరిగ్గా ఎదురుగా కొలిచినప్పుడు కొన్ని కోయాక్సియల్‌ల గీత పై భాగంలో అలలు కనబడతాయి, పది పదిహేను డిగ్రీలు పక్కకు తిప్పి కొలిస్తే అవే చదునవుతాయి. తయారీదారు మాన్యువల్‌లో స్పీకరును చెవి వైపు సూటిగా తిప్పవద్దని ఉంటే కారణం చాలాసార్లు ఇదే.

మొదటి జబ్బుకు పరీక్ష మీ ఇంట్లోనే ఉంది. తంబూరా శ్రుతి, మృదంగం కలిసిన మంచి రికార్డింగు ఒకటి పెట్టి, మృదంగం కొంచెం పెంచి, వినికిడి తంబూరా మీదే నిలపండి. మృదంగం ఎడమ ముఖమైన తొప్పి మీద గుంకీ అనే బాస్ దెబ్బ పడ్డ ప్రతిసారీ తంబూరా జీవ మెరుపు మసకబారినట్లో, వణికినట్లో అనిపిస్తే ఆ స్పీకరును అంత గట్టిగా వాడకూడదన్నమాట. వంద హెర్ట్జ్ కింది భాగాన్ని సబ్ వూఫరుకు అప్పగించడం ఒక మార్గం. కాలీ ఐఎన్-8 లాంటి త్రీ-వేలు ఇంకొక మార్గం పట్టాయి. అందులో అంగుళం ట్వీటరు కూర్చున్నది మధ్య ఫ్రీక్వెన్సీలు పలికే నాలుగంగుళాల మిడ్‌రేంజి మధ్యలో, బాస్ బరువు విడిగా ఉన్న ఎనిమిదంగుళాల వూఫరుది. మిడ్‌రేంజి శంకువు ఎక్కువ కదలదు కనుక బాకా స్థిరంగా ఉంటుంది. చౌక కోయాక్సియల్‌లలో ఈ కూర్పు మాకు అన్నిటికంటే తెలివైనదిగా తోస్తుంది, గదిలో దానికి చోటు ఉంటే.

పడుకోబెట్టడం గురించి: కోయాక్సియల్ టూ-వేను నిస్సంకోచంగా పడుకోబెట్టవచ్చు. త్రీ-వేలోనూ వూఫర్ తన పనిని మిడ్‌రేంజికి అప్పగించేది కొన్ని వందల హెర్ట్జ్ దగ్గర, అక్కడ తరంగదైర్ఘ్యం మీటరు చేరువలో ఉంటుంది కాబట్టి పెద్ద నష్టం లేదు. అయితే గాలి రంధ్రానికి గోడో పుస్తకాల దొంతరో అడ్డం రాకుండా చూసుకోండి.

ప్రశ్న: కారు స్పీకర్లు అమ్మే దుకాణాలలో కోయాక్సియల్ అన్న పేరుతోనే జత రెండు మూడు వేలకు వస్తున్నాయి. వాటిని చెక్క పెట్టెలో బిగించి మానిటర్లుగా వాడవచ్చా?
— మల్కాజిగిరి నుంచి ఒక పాఠకుడు

జవాబు: వాడకండి. వాటిలో చాలావరకు ట్వీటరు వూఫర్ మీద ఒక చిన్న స్తంభానికి బిగించి ఉంటుంది, శంకువు గొంతులో ఉండదు. రెండిటి కేంద్రాలు ముందు వెనుకలవుతాయి, క్రాసోవర్ పేరుతో ఒక్క కెపాసిటరు ఉంటుంది. పైగా అవి కారు తలుపును పెట్టెగా ఊహించుకుని చేసినవి. కారులో బాగానే ఉంటాయి.

ప్రశ్న: ఇంటర్నెట్‌లో కొందరు స్పీకర్లను కొలిచి రకరకాల గీతలతో బొమ్మలు పెడుతున్నారు. ఆ బొమ్మలో దేన్ని చూడాలి?
— ఒక సౌండ్ ఇంజనీరింగ్ విద్యార్థి, కూకట్‌పల్లి

జవాబు: మీరు చెబుతున్నది సాధారణంగా స్పినోరమా అని పిలిచే బొమ్మ. కెనడా నేషనల్ రీసెర్చ్ కౌన్సిల్‌లోనూ తరువాత ఆడియో పరికరాలు చేసే హర్మన్ సంస్థలోనూ ఫ్లాయిడ్ టూల్, ఆయన సహచరులు చేసిన పరిశోధన దానికి మూలం. తరువాత అది అమెరికా కన్స్యూమర్ టెక్నాలజీ అసోసియేషన్ వారి సీటీఏ-2034 ప్రమాణమైంది. స్పీకరు చుట్టూ అడ్డంగా ఒక వలయం, నిలువుగా ఒక వలయం, పది పది డిగ్రీలకు ఒక కొలత. రెండు వలయాలకూ ఉమ్మడిగా వచ్చే రెండు స్థానాలు తీసివేస్తే మొత్తం 70 కొలతలు. వాటిని రకరకాలుగా సగటు చేసి గీతలు గీస్తారు. ఇంట్లో పెద్ద ప్రతిధ్వనిరహిత గది లేకపోయినా జర్మనీకి చెందిన క్లిప్పెల్ కంపెనీ నియర్ ఫీల్డ్ స్కానరు అనే యంత్రం ఈ కొలతలు తీసిపెడుతుంది, అందుకే స్వతంత్ర కొలతలు ఇప్పుడు ఇంతగా దొరుకుతున్నాయి.

ముందుగా చూడవలసింది వినికిడి కిటికీ గీత, అంటే లిజనింగ్ విండో. సూటిగా, పైకీ కిందికీ పది డిగ్రీలు, పక్కలకు ముప్పై డిగ్రీల వరకు తీసిన కొలతల సగటు అది. కోయాక్సియల్ విషయంలో సూటి గీత కంటే దీన్నే నమ్మాలి, ఇంతకు ముందు చెప్పిన అలలు ఇందులో చాలావరకు సర్దుకుంటాయి. తరువాత తొలి ప్రతిధ్వనుల గీత. ఇది వినికిడి కిటికీ గీతకు సమాంతరంగా నెమ్మదిగా దిగుతూ పోవాలి, మధ్యలో దానికి లేని గుంట దీనికి ఉండకూడదు. నిలువు దిశ కొలతలను విడిగా చూపిన బొమ్మ ఉంటే కోయాక్సియల్‌కు పెట్టిన డబ్బు దక్కిందా లేదా అక్కడే తేలిపోతుంది. క్రాసోవర్ దగ్గర నిలువు గీతలు అడ్డం గీతల్లాగే లేకపోతే, ఏక కేంద్రమన్న మాట ప్రచారానికే పరిమితమన్నట్లు.

కంపెనీలు స్వయంగా వేసే బొమ్మల విషయంలో ఒక జాగ్రత్త. నిలువు అక్షం మీద ఎన్ని డెసిబెళ్లు ఉన్నాయో ముందు చూడండి. వంద డెసిబెళ్లను రెండంగుళాల ఎత్తులో ఇరికిస్తే పది డెసిబెళ్ల గుట్ట కూడా మైదానంలా కనబడుతుంది. స్మూతింగ్, అంటే గీతలోని ఎగుడుదిగుళ్లను సగటు చేసి చదును చేయడం, ఎంత చేశారో కూడా చూడండి. మూడో వంతు ఆక్టేవు స్మూతింగ్‌తో వేసిన గీతను ఇరవైనాలుగో వంతుతో వేసిన గీతతో పోల్చడం అన్యాయం. నాయుమన్, జెనెలెక్ లాంటి ఖరీదైన కంపెనీలు తమ కొలతలను వివరంగానే బయటపెడతాయి. చౌక కంపెనీలకు ఆ అలవాటు తక్కువ, కనుక స్వతంత్ర కొలత దొరికినప్పుడు బ్రోచర్ పక్కన పెట్టి దాన్నే చదవండి.

ప్రశ్న: మృదంగం రికార్డింగులు ఎక్కువగా చేస్తాను. నా అయిదంగుళాల మానిటర్లలో తొప్పి ఒకసారి గదంతా నిండిపోయినట్లు, కుర్చీ రెండడుగులు జరిపితే అసలు లేనట్లు వినిపిస్తోంది. కోయాక్సియల్‌కు మారితే సరిపోతుందా, ఎనిమిదంగుళాలది కొనాలా?
— ఒక మృదంగ విద్వాంసుడు, సికింద్రాబాదు

జవాబు: కుర్చీ జరిపితే మారుతోందంటే తప్పు స్పీకరుది కాదు, గదిది. మీరు గది కొలతలు రాయలేదు. మన అపార్టుమెంట్లలో మామూలుగా కనబడే పది, పదకొండు అడుగుల గది, తొమ్మిదిన్నర అడుగుల కప్పు తీసుకుని లెక్క చూపిస్తాం. ఎదురెదురు గోడల మధ్య నిలిచిపోయే అలల ఫ్రీక్వెన్సీ, ధ్వని వేగాన్ని ఆ దూరానికి రెట్టింపుతో భాగిస్తే వస్తుంది. వేసవిలో మన గాలిలో ధ్వని వేగం సెకనుకు 349 మీటర్ల దగ్గర ఉంటుంది. పదకొండు అడుగులకు 52 హెర్ట్జ్, పదడుగులకు 57, కప్పుకు 60. మూడూ ఒకదాని పక్కన ఒకటి వచ్చి కూర్చున్నాయి. ఆ ఎనిమిది హెర్ట్జ్ మధ్య పడే ప్రతి ధ్వనీ కొన్ని చోట్ల ఉబ్బుతుంది, సరిగ్గా గది నడుమ మాయమవుతుంది. ఇటుక గోడలు, టైల్సు నేల, సిమెంటు స్లాబు ఈ అలలను ఏమాత్రం మింగవు.

ఇంత చిన్న గదిలో సుమారు 250, 300 హెర్ట్జ్ కింద పెత్తనమంతా గదిదే. కోయాక్సియల్ చేసే మేలంతా దానికి పైన, క్రాసోవర్ ప్రాంతంలో జరిగేది. ఈ రెండింటినీ కలిపి ఆశపడడం వల్లనే చాలామంది స్పీకరు మార్చి నిరాశపడుతున్నారు. ఎనిమిదంగుళాలది తెస్తే 52 హెర్ట్జ్ ఇంకా గట్టిగా వస్తుంది, అంటే ఉబ్బు ఇంకా పెరుగుతుంది.

ముందుగా కుర్చీని గది పొడవులో సరిగ్గా సగం దగ్గర కాకుండా, ముందు గోడ నుంచి మూడో వంతుకు కాస్త అటుగా జరపండి. స్పీకరు ముఖం దాని వెనుకనున్న గోడకు 60 సెంటీమీటర్ల దూరంలో ఉంటే, గోడకు తగిలి తిరిగి వచ్చే అల 145 హెర్ట్జ్ ప్రాంతంలో గొయ్యి తవ్వుతుంది, అది మృదంగానికి పనికొచ్చే చోటే. గోడకు వీలైనంత దగ్గరగా జరిపి ముఖం 30 సెంటీమీటర్ల దగ్గర ఉండేలా చూస్తే ఆ గొయ్యి 290కి ఎగబాకుతుంది, అక్కడ నాలుగంగుళాల మందం రాక్‌వూల్ పలక కొంతైనా పని చేస్తుంది. గోడ దగ్గరికి జరిపినందువల్ల పెరిగే బాస్‌ను తగ్గించడానికే స్పీకరు వెనుక చిన్న మీటలు ఇస్తారు, వాటిని చాలామంది ముట్టుకోరు. మూలల్లో నేల నుంచి కప్పు దాకా మందపాటి బాస్ ట్రాపులు (బాస్‌ను పీల్చుకునే దిమ్మెలు) పెట్టడం ఖర్చుతో కూడిన పనే, అయినా కొత్త స్పీకర్ల ధరలో సగానికి అది జరుగుతుంది. కోడిగుడ్ల అట్టలు, సన్నని ఫోము ముక్కలు ఈ ఫ్రీక్వెన్సీలలో దేనికీ కొరగావు.

ప్రశ్న: రాత్రి పూట పాట ఆపినా ట్వీటరు నుంచి సన్నని బుస వినిపిస్తోంది. ఇది లోపమా?
— మెహదీపట్నం నుంచి ఒక పాఠకురాలు

జవాబు: లోపం కాదు, చౌక యాంప్లిఫయర్ల స్వభావం. బ్రోచర్‌లో స్వీయ శబ్దం అన్న అంకె ఉంటే ఎంత దూరంలో కొలిచారో చూడండి. మీటరు దూరంలో కొలిచిన అంకె, మీరు అర మీటరులో కూర్చుంటే 6 డెసిబెళ్లు పెరుగుతుంది. స్పీకరు గెయిన్ (దాని వెనుక ఉండే ధ్వని పెంపు మీట) తగ్గించి, కంప్యూటరుకూ స్పీకరుకూ మధ్య ఉండే ఇంటర్‌ఫేసు ఔట్‌పుట్ పెంచితే కొంత తగ్గవచ్చు. గెయిన్ పూర్తిగా తగ్గించినా మిగిలే బుస లోపలి యాంప్లిఫయరుది, దానికి మీరు చేయగలిగింది లేదు. కరెంటు హమ్ము అయితే అది వేరే జబ్బు, టీఆర్ఎస్ లేదా ఎక్స్ఎల్ఆర్ బ్యాలెన్స్‌డ్ (బయటి గోల చేరకుండా చేసే) కేబుళ్లు వాడి, కంప్యూటరును, స్పీకర్లను ఒకే ఎర్తింగ్ ఉన్న సాకెట్టు మీదికి తెచ్చి చూడండి. వినాయక చవితి పదకొండు రోజులూ ఈ పరీక్ష వాయిదా వేసుకోవడం మేలు.

ప్రశ్న: దుకాణంలో రెండు జతలు వినిపిస్తే ఎప్పుడూ ఒకటే నచ్చుతోంది, ఇంటికి తెచ్చాక నచ్చడం లేదు. ఎందుకని?
— ఒక గాయకుడు, కృష్ణానగర్

జవాబు: అది రెండోదాని కంటే గట్టిగా మోగి ఉంటుంది. ఒక డెసిబెల్ తేడా ఉన్నా మనకు తేడా గట్టిదనంగా కాక నాణ్యతగా తోస్తుంది. ఫోనులో పింక్ నాయిస్ (అన్ని ఫ్రీక్వెన్సీలూ కలిసిన హోరు) ఫైలు ఒకటి, ధ్వని మట్టం చూపే యాప్ ఒకటి పెట్టుకుని వెళ్ళి, రెండు జతలనూ అర డెసిబెల్ తేడాకు తెచ్చి అప్పుడు వినండి. యాప్ చూపే అంకె నిజమైనదా కాదా అన్నది ఇక్కడ అనవసరం, రెండిటికీ ఒకే అంకె రావడం చాలు. మీ సొంత గొంతు రికార్డింగునే పట్టుకెళ్ళండి. స, శ, ష వరుసగా వచ్చే మాటలు ఉన్న చరణం ఎంచుకుంటే ట్వీటరు కరుకుదనం అరనిమిషంలో బయటపడుతుంది. కోయాక్సియల్ అయితే కూర్చుని ఒకసారి, లేచి నిలబడి ఒకసారి వినండి, గొంతు రంగు మారకూడదు.

ప్రశ్న: అమెరికాలో ఉన్న మా తమ్ముడు దసరాకు వస్తున్నాడు. అక్కడ చౌక కదా, ఒక జత కోయాక్సియల్ మానిటర్లు తెమ్మందామా?
— మణికొండ నుంచి ఒక పాఠకుడు

జవాబు: అక్కడి కరెంటు 120 వోల్టులు, ఇక్కడ 230. కొన్ని మానిటర్లు 100 నుంచి 240 వోల్టుల వరకు దేనికైనా వాటంతట అవే సర్దుకుంటాయి. కొన్నిటికి వెనుక చిన్న స్విచ్చు ఉంటుంది, వోల్టేజితోపాటు ఫ్యూజు కూడా మార్చాలి. మరికొన్ని 120కి మాత్రమే చేసినవి, వాటిని నేరుగా మన సాకెట్టులో పెడితే మొదటి సెకనులోనే పొగ. స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మరుతో నడిపించవచ్చు, కానీ గదిలో గుయ్యిమనే వస్తువు మరొకటి చేరుతుంది. అక్కడ కొన్న వస్తువుకు ఇక్కడి సర్వీసు సెంటరు వారంటీ ఇవ్వకపోవచ్చు, ఒక ట్వీటరు పోతే తిరిగి పంపే ఖర్చు స్పీకరు ధరను మించుతుంది. కస్టమ్స్ లెక్క వేరే. ఇవన్నీ కలుపుకున్నాక కూడా చౌకే అనిపిస్తే, డబ్బు కట్టే ముందు స్పీకరు వెనుక పలక మీద వోల్టులు రాసి ఉన్న చోట ఫొటో తీసి పంపమనండి.